పొయ్యి అంటుకున్నాక అత్త అడిగిన మాట

“అత్తా, గంజి తాగుతావేటి?”

“తాగుతాన్లే. ముందిలా కూకో. పొద్దున్నుంచి ఏటి సేసినావో సెప్పు.”

మా మేనత్తా నేనూ చివరిసారి మాట్లాడుకున్నది ఇంతే. నేను చెబుతుండగానే ఆవిడకి నిద్ర పట్టేసింది, మళ్ళీ లేవలేదు. చేసిన పని గురించి మనిషిని కూర్చోబెట్టి అడగడం ఆవిడ అలవాటు. నా చిన్నప్పుడు, నాన్న పనిచేసే ఉక్కు ఫ్యాక్టరీ పక్కనున్న బర్మామైన్స్‌లో ఉండగా, ఆ అలవాటు మొదటిసారి నా మీద పడింది.

అమ్మ పురిటికి శ్రీకాకుళం వెళ్ళింది. అత్త మా ఇంట్లోనే ఉన్నా, బొగ్గుపొయ్యి నేనే వెలిగిస్తానని పంతం పట్టాను. మధ్యాహ్నం షిఫ్టుకి నాన్న బయల్దేరేలోగా అన్నం ఉడకాలి, లేకపోతే ఖాళీ కడుపుతో ఫర్నేసు ముందు నిలబడాల్సిందే. బకెట్ పొయ్యిని గల్లీలో పెట్టి, పిడకలు పేర్చి, పైన బొగ్గు పోసి అంటించాను. గల్లీ అంతా పొగ. మంట మాత్రం లేదు.

“ఏటే, రైలింజను మన గుమ్మంలోకి వచ్చీసిందేటి?” అని నాన్న నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది.

అత్త తిట్టలేదు, నా చేతిలో విసనకర్రా లాక్కోలేదు. గడప మీద కూర్చోబెట్టి, ముందేం చేశావు, తర్వాతేం చేశావు, పొగ ఎటు పోయింది అని అడిగింది. పిడకలు తక్కువయ్యాయన్నాను. “అయితే ఇంకో రెండేసి సూడు” అంది. వేశాను. భగ్గుమని మండి మళ్ళీ ఆరింది. అవతల నాన్న స్నానానికి లేచాడు. అయినా అత్త మళ్ళీ కూర్చోబెట్టింది!

“మంటకి గాలి ఏ పక్కనుంచి వత్తాది?”

“కిందనుంచి.”

“మరి కిందేటున్నాది?”

వంగి చూస్తే నిన్నటి బూడిద, నిండుగా! గబగబా గోకి బయటికి లాగేశాను. ఈసారి విసిరితే జువ్వున లేచింది మంట! బొగ్గు అంచులు ఎర్రబడుతుంటే గల్లీలో గంతులేశాను. నాన్నకి చెబుదామని పరిగెత్తబోతే అత్త నా గౌను పట్టుకుని ఆపింది.

“ఆరిపోతే ఇన్ని మాటలు సెప్పినావు. అంటుకుంటే ఎలిపోతావేటే? ఎందుకంటుకుందో సెప్పి ఎల్లు.”

గడగడా చెప్పేశాను. చెబుతుంటేనే నాకు తెలిసింది, అది పిడకల వల్లా కాదు, నా అదృష్టం వల్లా కాదు, గాలికి దారి ఇవ్వడం వల్లని. నాన్న వేడన్నం ఊదుకుంటూ తిని, పరుగున సైకిలెక్కాడు. మర్నాడు ఎవరూ చెప్పకుండానే ముందు బూడిద తీశాను.

నాకు చదువు అబ్బలేదు. మా ఆయన పోయాక ఇడ్లీ బండి పెట్టుకుని బతికాను. ఇడ్లీ గట్టిపడిన రోజు ఎవరైనా ఆలోచిస్తారు. దూదిలా వచ్చిన రోజు కూడా నేను పీట వాల్చుకుని, ఇవాళ ఏం చేశాను, ఎందుకు కుదిరింది అని పైకే చెప్పుకునేదాన్ని. ఇప్పటికీ అంతే.

ఒసే మనవరాలా, రాయడం అయిందా? ఏదీ, మొదట్నుంచి ఒక్కసారి సదివి ఇనిపించు.