జాతరనాటి గీత

ఎల్లస్వామి షాట్‌ఫైరర్‌గా ఇరవై ఏళ్లు బొగ్గుగనిలో రాళ్లు పేల్చి, రిటైరయ్యాక పినపాక దగ్గర భూకంపాలు నమోదుచేసే కేంద్రంలో కుదిరాడు. రోజూ పొద్దున్నే డ్రమ్ముకు మసి పట్టించిన కొత్త కాగితం చుట్టాలి. నేల అదిరితే ముల్లు దాని మీద గీత గీస్తుంది. ఏది గని పేలుడో, ఏది భూకంపమో తనను మించి చెప్పేవాడు లేడని అతని ధీమా.

1992 వేసవిలో, దేశమంతటి భూకంపాల మ్యాపు తయారుచేస్తున్న ఆఫీసరొకాయన వచ్చాడు. ఫిబ్రవరి కాగితాల్లో మధ్యాహ్నం రెండింటి గీత చూసి, పక్కన ‘గని పేలుడు’ అని రాయబోయాడు.

"అది పేలుడు గాదు సార్," అన్నాడు ఎల్లస్వామి.

"రోజూ రెండింటికేగా పేల్చేది?"

"అవ్. కానీ ఆ దినం మేడారం జాతర. గని మొత్తం ఆడనే ఉన్నది. సమ్మక్క గద్దె మీదున్న నాడు మందు ముట్టిచ్చే మొగోడు మా దిక్కు లేడు సార్! కాగితం మార్చాలె గదా అని నేనొక్కణ్ణే ఆగిన."

ఆఫీసరు మ్యాపులో పినపాక పక్కన భూకంపం గుర్తుగా ఎర్రచుక్క పెట్టాడు.

ఎల్లస్వామి ఆ మ్యాపును ఒక్క పూటకు అడిగి ఇంటికి తీసుకుపోయాడు. జాతరకు రాలేదని అతని భార్య మూడు నెలలుగా ముఖం చూడటం లేదు మరి.