కోడికూర కోసం ఆగిన పూట

మొన్న శ్రీకాకుళం కాంప్లెక్స్ దగ్గర బస్సు దిగగానే ఒక ఆటోవాడు శాలిహుండం వస్తారా అని అడిగాడు. విననట్టు నటించి టీ కొట్టు వైపు నడిచాను. ఆ పేరు వింటే ఇప్పటికీ నాకు మా పిన్ని వండిన కోడికూర వాసనే ముందు గుర్తొస్తుంది.

మా అక్క మొగుడు, అంటే మా బావ, రాజాంలో సోషల్ మాస్టారు. శాలిహుండం కొండమీది బౌద్ధ స్తూపాల గురించి ముప్పై ఏళ్లు పిల్లల చేత బట్టీ పట్టించాడు గాని, తను ఒక్కసారీ వెళ్లి చూడలేదు. పక్కనే ఉంది కదా అని ధీమా. రిటైరయ్యాక షుగరుతో ఒక కన్ను పోయింది. రెండోది ఎన్నాళ్లుంటుందో చెప్పలేమని డాక్టరు అన్న రోజే, ఆ కొండ చూసి తీరాలని పట్టుబట్టాడు. అక్కకు మోకాళ్ల నొప్పులు. తోడుగా నేను బయల్దేరాను.

మధ్యాహ్నం రెండింటికి శ్రీకాకుళంలో దిగాం. అక్కణ్ణించి ఆటోలో ముప్పావుగంట దారి. లాడ్జిలో సంచీ పడేసి పోదామంటే బావ వినలేదు. తనకు అత్త వరసయ్యే మా పిన్ని ఇల్లు ఊళ్లోనే పెట్టుకుని లాడ్జిలో దిగితే ఆవిడ పరువేం కావాలన్నాడు. వెళ్లాం. మావైపు అల్లుడు చాలాకాలానికి గుమ్మం తొక్కితే కోడి కోయకుండా పంపరు. అందులోనూ పిన్నికి బ్రాయిలర్ పనికిరాదు, నాటుకోడే కావాలి. అది దొరికి, ఉడికి, కంచాల్లోకి వచ్చేసరికి నాలుగున్నర దాటింది. నేను గడియారం చూస్తుంటే పిన్ని కసిరింది.

"ఏటిరా ఆ తొందర? కొండెక్కడికీ పోదు. రేపు పొద్దున్నే ఎల్దురు గాని, తినండి."

బావ నవ్వి మళ్లీ వడ్డించుకున్నాడు. నిజం చెప్పాలంటే నేనూ వడ్డించుకున్నాను.

పొద్దున్న గదినిండా ఎండ పడుతోంది. బావ మంచం మీద లేచి కూర్చుని, ఇంకా తెల్లారలేదా అని అడిగాడు. ఆయన మొహం ముందు చెయ్యి ఆడించాను, రెప్ప కదల్లేదు. చేతిమీద ఎండ వేడి తగిలి ఆయనకూ అర్థమైపోయింది. వంటింట్లో పిన్ని మా ప్రయాణానికి పులిహోర పొట్లం కడుతోంది. బావ తడుముకుని నా చెయ్యి పట్టుకున్నాడు.

"అత్తకి సెప్పకురా. నిన్నటి కోడి తలుసుకుని ఏడుస్తాది."

నా భుజం మీద చెయ్యేసి, కొండకే వెళ్తున్నట్టు ఆటో ఎక్కాడు. తిన్నగా కంటి ఆసుపత్రికి పోయాం. లాభం లేదన్నారు. తర్వాత చూపించిన చోటల్లా అదే మాట.

కొండ చూసొచ్చిన కొన్నాళ్లకు ఆ చూపు పోయిందని పిన్నికి చెప్పాం. పోన్లే, ముందుగా కొండయినా చూశాడని ఆవిడ తృప్తి పడుతుంది. ఆవిడ మీద నాకు కోపం లేదు, ఉన్నదంతా నామీదే. ఆ మధ్యాహ్నం బస్సు దిగేసరికి బావకు చూపూ ఉంది, పొద్దు గూకడానికి ఇంకా మూడు గంటల టైమూ ఉంది. రేపనేది మా సొంతమైనట్టు తీరుబడిగా కూర్చుని భోంచేశాం.