కథ లేని దరువు

కేతేపల్లి చుట్టుపక్కల శ్రీశైలాన్ని ఎరగని, గొర్రెలు కాచే కురుమల ఇల్లు లేదు. అయితే అతనికి నలభై దాటేవరకూ అందరికీ అతను గుర్వయ్య కొడుకు, అంతే. గుర్వయ్య ఒగ్గుకథ చెబుతుంటే తగాదా పడి మాటలు మానేసిన అన్నదమ్ములు కూడా పక్కపక్కనే కూర్చుని వినేవారు. ఒగ్గుకథలో పెత్తనం చెప్పేవాడిదే. డోళ్లు అతని వెనక నిలబడి వాయించాలి, అతను అందుకోగానే ఆగాలి, అతను సైగ చేస్తే మళ్లీ మోగాలి. అలా వెనక నిలబడి తండ్రి వీపు చూస్తూ డోలు కొట్టడంలోనే శ్రీశైలం సగం జీవితం గడిచింది.

తెలంగాణ వచ్చిన నాలుగైదేళ్లకు, ఓ వానాకాలం, గుర్వయ్యకు పక్షవాతం వచ్చింది. దవాఖాన నుంచి కర్ర పట్టుకుని నడిచే వచ్చాడుగానీ మాట మాత్రం రాలేదు. దాంతో మేళం మూలపడింది. కొడుకు కథ అందుకోవచ్చు కదా అని ఊరంతా సలహా ఇచ్చింది. సలహాకేం, ఎవరైనా ఇస్తారు. శ్రీశైలానికి కథ మొత్తం నోటికి వచ్చు, ఒక్క మాట పొల్లుపోదు. కానీ ఆ గొంతు గొర్రెలను అదిలించడానికి తప్ప మరెందుకూ పనికిరాదు. ఒకసారి కులదైవం బీరప్ప పండుగలో ప్రయత్నించి, జనం మొహమాటానికి కూర్చున్నారని తెలిసి మానేశాడు.

అలాంటి రోజుల్లో నల్గొండలో ఏటా కళల పండుగ జరిపే ఉమారాణి టీచరు కబురు పెట్టింది. కథ అక్కర్లేదు, ఉత్త డోళ్లతో కొత్తగా ఏదైనా కట్టగలరా అని ఆమె అడిగింది. శ్రీశైలం ముందు నవ్వాడు. కథ లేకుండా డోలేమిటి? కానీ మూసీ కాలువ గట్టున గొర్రెలను మేపుతుంటే ఆ మాట అతని బుర్రను వదల్లేదు. నీళ్ల డబ్బా మీద కర్రతో కొట్టుకుంటూ కూర్చునేవాడు. మంద దొడ్డి లోంచి ఇరుకున తోసుకుంటూ బయటపడటం, చేలో చెదిరిపోవడం, నీళ్ల దగ్గర మళ్లీ ఒక్కటవడం, ఇవన్నీ దరువులయ్యాయి. డోళ్లన్నీ కలిసి ఒకటే కొట్టడం అక్కడి పద్ధతి. ఇతను మేళాన్ని రెండుగా చీల్చి, ఒకరు ఒక నడక, ఇంకొకరు మరో నడక కొట్టి, చివరికి ఒక చోట కలవాలన్నాడు. మొదటి రోజు కలవలేదు సరికదా, ఒకరినొకరు తిట్టుకుని ఇళ్లకు పోయారు.

అది ఎలాగో కుదిరింది. కుదరనిది ఇంట్లో. వాకిట్లో డోలు మోగగానే గుర్వయ్య మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవాడు. కోడలు నాగరాణి అన్నం పెట్టబోతే కంచం పక్కకు నెట్టేవాడు. కొడుకును చూడటమే మానేశాడు.

"మామకు గుస్స కాదు," అంది నాగరాణి ఒకనాడు. "నేను లేకున్నా నడుస్తాంది అనుకుంటాండు."

తండ్రిని తోసేసి ముందుకొచ్చి నిలబడ్డట్టు శ్రీశైలానికీ అనిపిస్తూనే ఉంది. మానేద్దామంటే చేతులు ఊరుకోవడం లేదు. పైగా, నిజం చెప్పాలంటే, దరువు బాగా కుదిరింది.

ఒక్క చోట తప్ప. చెదిరిన మంద ఒక్కటయ్యే ఘట్టంలో, పాత అలవాటుకొద్దీ, చెప్పేవాడు కథ అందుకునే ముందు వాయించే దరువునే పెట్టాడు. తీరా అక్కడికి వచ్చేసరికి అందరి చేతులూ ఆగిపోయేవి. ఆగమని ఎవరూ చెప్పలేదు. ఆగొద్దని శ్రీశైలం మొత్తుకున్నాడు. అయినా మర్నాడు మళ్లీ అక్కడే ఆగారు. విసిగిపోయి, మేళంలో తండ్రి ఈడువాడైన సాయిలు మీద అరిచాడు.

"కథ అందుకునే బాపు మంచంల ఉన్నడు చిన్నాయనా. ఎవలి కోసం ఆగుతున్నరు?"

"నాకు ఎరికేరా," అన్నాడు సాయిలు. "గీ చేతులకే ఎరికలేదు."

చివరికి శ్రీశైలమే దిగొచ్చాడు. మిగతావాళ్లు ఆగితే ఆగనీ, ఆ సందులో తానొక్కడే వాయించి నింపుతానన్నాడు.

పండుగ రోజు నాగరాణి మామను అడగనైనా అడగలేదు. తెల్ల పంచె కట్టించి, ఆటో ఎక్కించి, నల్గొండ తీసుకొచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టింది. గుర్వయ్య తల వంచుకునే కూర్చున్నాడు. డోళ్లు మొదలయ్యాయి. మంద దొడ్డి దాటింది, చెదిరింది, ఒక్కటయ్యే చోటు వచ్చింది. అలవాటు ప్రకారం అందరూ ఆగారు. శ్రీశైలం కర్ర ఎత్తాడు.

అప్పుడు తండ్రిని చూశాడు. గుర్వయ్య తల ఎత్తి, బాగున్న చేతిని కథ అందుకునేటప్పటిలా చెవి దగ్గర పెట్టుకున్నాడు. పెదవులు కదులుతున్నాయి. గొంతు లేదు. కానీ ఆ పెదవుల మీది ప్రతి మాటా శ్రీశైలానికి తెలుసు.

ఎత్తిన కర్ర అలాగే ఉండిపోయింది. అయిపోయిందేమో అనుకుని జనం చప్పట్లు కొట్టి, ఎవరూ కదలకపోవడం చూసి మానేశారు. పక్కనుంచి ఉమారాణి కంగారుగా సైగలు చేసింది. సాయిలు మాత్రం గుర్వయ్యనే చూస్తూ నిలబడ్డాడు. చివరి మాట దగ్గర గుర్వయ్య చెయ్యి దించి, సూటిగా కొడుకును చూసి, గడ్డం ఎగరేశాడు. ఇక మీరు అందుకోండి అని చెప్పే సైగ అది. శ్రీశైలానికి దుఃఖం ముంచుకొచ్చింది. ఆ దుఃఖంతోనే కొట్టాడు, మేళమంతా కొట్టింది.

ఆ దరువును ఇప్పటికీ వాయిస్తున్నారు. ఆ రోజు పండుగ అయ్యాక ఉమారాణి దగ్గరికొచ్చి మెచ్చుకుంది. మళ్లీ పిలుస్తామని, సమయం చూసుకోవాలి కాబట్టి ఆ నడుమ ఎంతసేపు ఆగుతారో చెప్పమని అడిగింది.

"బాపు చెప్పుడు అయ్యేదాక, మేడం," అన్నాడు శ్రీశైలం.