ఏసుపాదం తాత తొట్టిలో దిగిన రోజు

మా తాత ఏసుపాదం సినిమా బ్యానర్లు వేసేవాడు. జలపాతం కింద హీరోయిన్, సబ్బు నురగలో హీరోయిన్, బొమ్మలో స్నానం ఉందంటే చాలు, గాంధీనగర్ థియేటర్లవాళ్ళు తాతకే కబురు పెట్టేవాళ్ళు. తడిచీర ఒంటికి ఎక్కడ అంటుకుంటుందో ఆయనకు తెలిసినట్టు బెజవాడలో ఇంకెవరికీ తెలియదట. ఈ మాట చెప్పింది కూడా ఆయనే అనుకోండి.

ఆ చేత్తోనే మా పేట చర్చిలో, బాప్తిస్మం ఇచ్చే తొట్టి వెనక గోడంతా యొర్దాను నది వేశాడు. నదిలో ఏసుప్రభువు, ఒడ్డున తాటిచెట్లు, దూరంగా మన బ్యారేజీ. ప్రభువు అంగీ ఒంటికి మరీ అతుక్కుందని పాస్టరుగారు దానిమీద ఇంకో పూత వేయించారు.

ఫ్లెక్సీలొచ్చి తాత పని పోయింది. ఆ తర్వాత పక్షవాతం ఆయన కుడివైపును పట్టుకుపోయింది. నాయనమ్మ ఎలిజబెత్ తలుపేసి నీళ్ళు పోసేది. తాత నన్ను కూడా లోపలికి రానిచ్చేవాడు కాదు.

పోయినేడు నాయనమ్మ చనిపోయింది. సమాధి దగ్గర, ఆమె పక్కనే తనకు చోటు అట్టే పెట్టమని తాత అడిగినప్పుడు బయటపడింది, ఆయన అసలు బాప్తిస్మమే తీసుకోలేదని. తొట్టికి బొమ్మ వేసినవాడు అందులో మునగలేదని ఎవరనుకుంటారు? పాస్టరుగారూ అనుకోలేదు. మునగనివాళ్ళకు మా సంఘం సమాధుల తోటలో చోటు లేదు.

"చెంబుతో నెత్తిన పొయ్యండి పాస్టరుగారూ, సరిపోద్ది."

"మునగాలి ఏసుపాదంగారూ. సంఘమంతా చూడాలి. అదే సాక్ష్యం."

ఇంటికొచ్చి తాత అన్నం ముట్టలేదు.

"ఏం తాతా, అంతమంది హీరోయిన్లని తడిపావు, నీ వంతొస్తే సిగ్గా?"

"అందుకే కదరా వెధవా. తెల్లబట్ట తడిసిందంటే ఏదీ దాగదు. వాళ్ళంటే అందగత్తెలు. నాకేముందిరా, ఎండిపోయిన చెయ్యి, వీపు మీద పుండ్లు."

"అయితే మునిసిపాలిటీ శ్మశానంలో ఒక్కడివే పడుకో."

"ఆ రాక్షసి పక్కన తప్ప నాకు నిద్ర పట్టదురా," అన్నాడు తాత.

డాక్టరు చన్నీళ్ళు వద్దన్నాడు. తాత వినలేదు. ఆదివారం నేనే ఎత్తుకుని తొట్టిలో దిగాను. ఆటోనగర్లో లారీ టైర్లు మోసే నాకు ఆయన బరువే తెలియలేదు. పాస్టరుగారు ముక్కు మూసి ముంచి లేపారు. తెల్ల అంగీ ఒంటికి అతుక్కుపోయింది. పక్కటెముకలు, చచ్చుబడ్డ చెయ్యి, పుండ్లకు కట్టిన కట్లు, అన్నీ కనబడ్డాయి. అడ్డం పెడదామంటే నా రెండు చేతులూ ఆయన కిందే ఉన్నాయి.

"చూశారేంట్రా?" పళ్ళు టకటకలాడుతుంటే చెవిలో అడిగాడు.

"లేదులే తాతా. అందరూ ప్రార్థనలో కళ్ళు మూసుకున్నారు."

ముందు వరసలో ఫోన్లు పైకి లేచి ఉన్నాయి. తాత వాటివైపు ఒకసారి చూశాడు.

"నీకు అబద్ధం కూడా సరిగ్గా రాదు. తువ్వాలు కప్పు."

ఆ చలి ఛాతీలోకి దిగింది. నెల తిరక్కుండా ఆయన్ని నాయనమ్మ పక్కన పెట్టి వచ్చాం.