చప్పుడు చెయ్యని కంప్యూటర్

ఆ రోజుల్లో మా గోదావరిఖని కాలనీలో కంప్యూటర్ కోర్సు చేసిన ఆడపిల్ల అంటే సగం డాక్టరు కింద లెక్క. టీవీ రిమోట్ పనిచేయకపోయినా నన్నే పిలిచేవాళ్లు. కొత్తగా ఆపరేటర్ ఉద్యోగంలో చేరిన గర్వంతో నేనూ కాదనేదాన్ని కాదు (రిమోట్‌లో సెల్లు మార్చి, పెద్ద ఆపరేషన్ చేసినదానిలా చేతులు కడుక్కునేదాన్ని). అలాంటి నాకు మా పెద్దమ్మ ఒక పని అప్పగించింది. కొత్తగూడెంలో ఉండే వాళ్లక్క మంచాన పడింది. ఫోన్‌లో చూద్దామంటే పెద్దమ్మ కళ్లకు అంతా మసకే. "పెద్ద తెరదొకటి సూడు బిడ్డా, అగ్గువల రావాలె. మా అక్క మొఖం ఒక్కసారి సక్కగ సూడాలె" అని నా గడ్డం పట్టుకుంది.

అయితే ఇంట్లో పెద్దబాపు ఉన్నాడు కదా! మా నాన్నకు అన్న, బొగ్గుబాయిలో సర్దారుగా చేసి రిటైరైన మనిషి. షిఫ్టు వాళ్లు దిగకముందే బాయిలోకి వెళ్లి, పైకప్పును కర్రతో కొట్టి చప్పుడు విని, గాలి ఆడుతోందో లేదో చూసి, అప్పుడు మనుషులను లోపలికి పంపడం సర్దారు పని. ఏళ్ల తరబడి అనుమానపడటానికే జీతం తీసుకున్నాడు కనుక, రిటైరయ్యాక ఉచితంగా అనుమానించేవాడు. పాలవాడిని, గ్యాస్ సిలిండర్‌ను, నన్ను.

మంచిర్యాల దుకాణంలో ఒక పెద్ద తెర, దానికి టిఫిన్ డబ్బా అంత పెట్టె చూపించారు. "ఫ్యాన్ లేని మోడల్ మేడమ్, సప్పుడే ఉండది. పెద్దోళ్లకు మస్తుంటది" అన్నాడు అమ్మేవాడు. పాత సరుకు అంటగడుతున్నాడేమోనని నేనూ గుచ్చిగుచ్చి అడిగాను (మా వంశమే అంత). చివరికి పెద్దమ్మ కోరినట్టే అగ్గువగా, తక్కువ ధరకు వస్తోందని కొనేశాను.

ఇంటికి తేగానే పెద్దబాపు దాన్ని వేలి కణుపుతో కొట్టి, చెవి ఒగ్గి విన్నాడు. "డొల్ల సప్పుడొస్తంది. లోపలేమన్న ఉన్నదా, ఖాళీ డబ్బా ఇచ్చిండా? గాలి ఎటు నుంచి పోతది?"

"దీనికి ఫ్యాన్ అక్కరలేదు పెద్దబాపూ."

నన్ను ఎగాదిగా చూశాడు. "దుకాణపోడు నీకేమన్న ముట్టజెప్పిండా బిడ్డా?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. పళ్లు నూరుకుంటూనే వీడియో కాల్ కలిపాను. తెరమీద వాళ్లక్క ముఖం వచ్చింది. పెద్దమ్మ "అక్కా" అందో లేదో, పెద్దబాపు పెట్టె మీద చెయ్యి పెట్టాడు. "గరమైంది! గాలి ఆడుతలేదు! అందరు బయటికి నడువుండ్రి, జల్ది!" అంటూ ప్లగ్గు పీకేశాడు. పెద్దమ్మను రెక్క పట్టుకుని వరండాలోకి తెచ్చాడు. తర్వాత నన్ను, వింత చూడటానికి కూరగిన్నెతో వచ్చిన పక్కింటి అక్కను కూడా. బాయిలో గాలి ఆగితే ముందు మనుషులను బయటికి తేవాలి, కారణాలు తర్వాత.

"మా అక్క మొఖం సగమే సూసిన! నీ బాయి మీద మన్నువడ!" అని పెద్దమ్మ వరండాలోనే కూర్చుని ఏడ్చింది. నాకు ఆయన మీద పీకలదాకా కోపం వచ్చింది.

మర్నాడు ఆ పెట్టె ఇచ్చేసి ఫ్యాన్ ఉన్నది తెద్దామని వెళ్తే, "అందరు సప్పుడొద్దంటరు, మీరేమో కావాలంటున్నరు" అని అమ్మేవాడు నన్నే అనుమానంగా చూశాడు. మూలనుంచి ఒక పాత మోడల్ దుమ్ము దులిపి ఇచ్చాడు. ఆన్ చేస్తే పిండిమర ఆడినంత మోత, అచ్చం గిర్నీయే!

పెద్దబాపు దాని వెనక అరచెయ్యి పెట్టి చూశాడు. "ఆఁ, ఆడుతంది" అని, అప్పుడు పెద్దమ్మను గదిలోకి రానిచ్చాడు.

"ఏందే గా లొల్లి? గిర్నిల కూసున్నవా?" అంది కొత్తగూడెం నుంచి వాళ్లక్క. పెద్దమ్మ నవ్వింది. నవ్వుతూనే తెరను చేత్తో నిమిరి, "ఎంత సన్నగైనవే అక్కా!" అని ఏడ్చింది. పెద్దబాపు మాత్రం తెరవైపే చూడలేదు. చెయ్యి ఆ గాలి దగ్గరే ఉంది.

"నువ్వూ వచ్చి మాట్లాడు పెద్దబాపూ."

"వాళ్లను మాట్లాడనియ్ బిడ్డా. లోపల మనుషులున్నప్పుడు సర్దారు జాగ ఇడువడు."

ఆ మాటతో నా కోపం ఎటు పోయిందో పోయింది. ఇప్పుడెవరైనా ఇంట్లో పెద్దవాళ్లకు ఏ కంప్యూటర్ కొనాలని సలహా అడిగితే, "వాళ్లు ఏం పని చేసి రిటైరయ్యారు?" అని అడుగుతాను. నన్ను వింతగా చూస్తారు. నేను మాత్రం పళ్లు నూరుతూ వీడియో కాల్ కలిపిన అప్పటి నన్ను తలుచుకుని నాలో నేనే నవ్వుకుంటాను.