చికాగో సారు

ఆ సారుది గుంటూరు వైపు. చికాగోలో పదేళ్లపాటు సంగీతోత్సవాలకు స్టేజీలు కట్టించి, సౌదీలోని దమ్మామ్‌లో మా మీద ఇంజనీరుగా వచ్చాడు. ఆయన ముఖం చూస్తేనే నాకు ఒళ్లు మండేది. ఏ పని చెప్పినా "చికాగోలో అయితేనా..." అని మొదలుపెట్టి, అక్కడ సరస్సు ఒడ్డున వేలమంది పాటలు వినే ముచ్చట ఎత్తుకునేవాడు. మేం ఎండలో ఇనుప గొట్టాలు మోస్తూ అదంతా వినాలి.

సముద్రం పక్కన పాటల పండుగకు స్టేజీ లేపుతున్నాం. పైకెక్కేవాళ్లకు సేఫ్టీ బెల్టులు ఇంకా రాలేదు. మా జగిత్యాల మల్లన్న నిచ్చెన దగ్గరే ఆగిపోయాడు.

"సార్, బెల్టు లేకుంట ఎట్ల ఎక్కుతడు? చికాగోల గిట్లనే ఎక్కిస్తరా?" అని నేనే అడిగాను.

ఆయన గడియారం చూసుకున్నాడు. "ఇది చికాగో కాదయ్యా. ఎక్కమను."

మల్లన్న ఎక్కాడు. మధ్యాహ్నం కాకముందే జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు.

మరునాడు బెల్టులొచ్చాయి. సాయంత్రం సారు పళ్ల సంచితో ఆసుపత్రికి వచ్చాడు. "నొప్పి తగ్గిందా?" అన్నాడు. మల్లన్న ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. మంచం పక్కన ఖాళీ కుర్చీ ఒకటుంటే, దాని మీద నేను కాళ్లు చాపుకున్నాను. ఆయన వెళ్లేదాకా తీయలేదు.