ఉజోమా ముక్కు

నైజీరియాలోని ఎనుగు పట్నంలో పళ్ల గార తీసే పని నేర్చుకుంటున్న ఉజోమాకి చెయ్యి వణకదు, చూపు తప్పదు. చిక్కంతా ముక్కుతోనే. రోగి నోరు తెరిస్తే చాలు, ఆ వాసనకి కాలివేళ్లు ముడుచుకుంటాయి. ఇంకొక్కసారి మొహం చిట్లిస్తే ఇంటికి పంపేస్తానంది నేర్పే మేడమ్. ఆవేళ ఉజోమా ఒక ముసలాయన నోట్లోంచి గంటసేపు చీమూ నెత్తురూ, వక్కల్లా నమిలే కోలా గింజలతో కట్టిన నల్లటి గారా తీసింది. మురిగిన చేపల వాసన. మొహం మాత్రం కదల్లేదు. ఆయన లేచి, జేబులోంచి కోలా గింజ తీసి, అప్పటిదాకా చిగుళ్లు తడుముకున్న గోటితోనే చీల్చి, ఒక బద్ద అందించాడు.

"తీస్కో తల్లీ! నా నోరు చూసి మొహం తిప్పుకోనిదానివి నువ్వొక్కదానివే."

అక్కడ ఇచ్చిన కోలా కాదంటే మనిషిని కాదన్నట్టే. మేడమ్ చూస్తోంది. ఉజోమా మాస్కు దించి, నోరు తెరిచింది.